నిద్రమొహం పూసిన ఏడు

ఆ ఊళ్ళో అతని గొంతు తెలియనివాళ్ళు లేరు. మొహం మాత్రం వాళ్ళ వీధి దాటితే ఎవరికీ తెలియదు. బస్టాండు మేడమీద అరచేయంత కిటికీ ఉన్న గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వస్తోందో, ఏది బయల్దేరుతోందో చెప్పడం అతని ఉద్యోగం. గొంతు తేనెలో నానబెట్టినట్టుండేది. ఫలానా ఊరి బస్సు సిద్ధంగా ఉంది అని అతనంటే, ఆ ఊళ్ళో నా అన్నవాళ్ళు లేనివాళ్ళకి కూడా ఒకసారి ఎక్కి వెళ్ళొద్దామా అనిపించేది. అదే మనిషి మైకు ఆపి మెట్లు దిగాడంటే నోట్లో నాలుక లేనివాడు. కొట్టులో సబ్బు అడగాలన్నా ముందున్నవాళ్ళంతా వెళ్ళిపోయేదాకా ఓ పక్కన నిలబడేవాడు. నలభై దాటినా పెళ్ళి మాట ఎత్తలేదు, ఎవరైనా ఎత్తితే అక్కడ ఉండలేదు. వీధిలో అందరూ అతన్ని మైకు అనే పిలిచేవాళ్ళు. అక్క కూడా అంతే.

అక్క దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, దాని వెనక గోడకి వేలాడే సగం కుట్టిన జాకెట్లూ చొక్కాలూ. అమ్మ పోయేనాటికి తమ్ముడు పలకా బలపం వయసులో ఉన్నాడు. అప్పట్నుంచీ వాణ్ణి పెంచింది ఆవిడే. నువ్వెందుకు పెళ్ళి చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఊరందరి కొలతలూ నా దగ్గరున్నాయమ్మా, నాకు సరిపోయేవాడు ఒక్కడూ లేడు" అనేది. నవ్వకుండా అనేది. అడిగినవాళ్ళకి నవ్వాలో మానాలో తెలిసేది కాదు.

ఇంటి వెనక పెరట్లో బాదం చెట్టు ఉండేది. దాని కొమ్మలకీ మొదలుకీ, కింద కట్టిన కర్ర పందిరికీ అక్క పెంచే ఆర్కిడ్లు. కొన్ని బెరడుకి కట్టినవి, కొన్ని చెక్కబుట్టల్లో బొగ్గుముక్కల మధ్య కూర్చున్నవి, కొన్ని వేళ్ళన్నీ గాలిలోకి వదిలేసి జడలు ఆరబెట్టుకుంటున్నట్టు వేలాడేవి. మట్టి అన్న మాటే లేదు. గుడ్డముక్కల్ని పీలికలుగా చింపి వాటితోనే కట్టేది కాబట్టి ఒక మొక్క నడుముకి గళ్ళ చొక్కా, ఇంకో మొక్కకి పూల పరికిణీ ఉండేవి. అన్నిటికీ పేర్లు పెట్టింది. ఏటా అందరికంటే ముందు పూసేది పెద్దకోడలు. ఎండినా నానినా చావనిది మొండిఘటం. పిల్లలమీద పిల్లలు పెట్టేది పిలకలమ్మ. వీటన్నిటికంటే ప్రాణమైనది నిద్రమొహం. అది వచ్చి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు, ఒక్కసారీ పూయలేదు. ముదురాకుపచ్చ ఆకులేసుకుని, చెట్టుకింద బాగా చీకటిగా ఉన్నచోట, కళ్ళు మూసుకున్నట్టు ఉండేది.

"దాన్ని లేపకండి," అనేది అక్క, దగ్గరికి ఎవరైనా వెళితే.

ఒకరోజు ఒక బుట్టని పైకొమ్మకి తగిలించబోయి స్టూలు మీదనుంచి జారిపడింది. కాలు విరిగింది. తొడదాకా కట్టు కట్టి, కదలకూడదని చెప్పి పంపించారు డాక్టర్లు. వెనకగదిలో కిటికీ పక్కన మంచం వేయించుకుంది. అక్కణ్ణుంచి పెరడంతా కనబడుతుంది. మొక్కలకి నీళ్ళు పోసే పని తమ్ముడిమీద పడింది.

అతను మొదటిరోజు డ్యూటీ నుంచి రాగానే, పొద్దు వాలుతుంటే, బకెట్టుడు నీళ్ళు తెచ్చి చెట్టు చుట్టూ తిరుగుతూ చెంబుతో గుమ్మరించాడు.

"ఒరేయ్ మైకూ! ఆపు! స్నానం చేయిస్తున్నావా శ్రాద్ధం పెడుతున్నావా?" కిటికీలోంచి అరుపు.

"నీళ్ళు పోయమన్నావుగా?"

"సాయంకాలం పోస్తే ఆ నీళ్ళు ఆకుల మొవ్వులో నిలబడిపోతాయి. రాత్రంతా నాని, కుళ్ళి ఊరుకుంటాయి. పొద్దున్నే పోయాలి. మళ్ళీ చీకటి పడేసరికి ఒళ్ళంతా ఆరిపోవాలి. వేళ్ళు చూడు, ఏ రంగున్నాయి?"

"పచ్చగా."

"పచ్చగా ఉంటే తాగేశాయని. వెండిరంగులోకి తిరిగితే దాహమని. కళ్ళున్నాయిగా, చూసి పొయ్యి. అడక్కుండా పెట్టే అన్నం ఎవరికీ వంటబట్టదు."

మర్నాటినుంచి అతను తెల్లారుతూనే లేవడం మొదలుపెట్టాడు. వానకి పట్టి ఉంచిన తొట్టిలోంచి నీళ్ళు తీసి, సన్నచిల్లుల డబ్బాతో ఒక్కో మొక్క దగ్గరా ఆగేవాడు. అప్పటికింకా పెరట్లో పొగమంచు వదిలేది కాదు. చెట్టు ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. నీళ్ళు తగలగానే తెల్లటి వేళ్ళమీద పచ్చదనం నెమ్మదిగా పాకేది, నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే మొహంలోకి మెలకువ వచ్చినట్టు. అది చూస్తూ అతను డబ్బా పట్టుకున్న చెయ్యి సంగతి మరిచిపోయేవాడు. కొమ్మల్లోంచి చుక్కలు కిందికొమ్మల మీదికి, అక్కణ్ణుంచి ఇంకా కిందికి, ఒకదాని తర్వాత ఒకటి పడే చప్పుడు చాలాసేపు ఉండేది. ఆ చప్పుడుకి కిటికీ పక్కన అక్క మళ్ళీ నిద్రపోయేది. మందుల మత్తులో ఆవిడకి కలలు ఎక్కువయ్యాయి. మొక్కలన్నీ చెట్టు దిగి వరసగా వచ్చి జాకెట్టు కొలతలు ఇస్తున్నాయని ఒకరోజు చెప్పింది.

"నిద్రమొహం కూడా వచ్చిందా?"

"అదెక్కడొస్తుందిరా. అది పడుకుంది."

బస్టాండులో కూడా ఆ పొద్దుటి తడి అతన్ని వదిలేది కాదు. బస్సుల పేర్లు చదువుతుంటే కిటికీ అద్దంలో పచ్చటి వేళ్ళు కదిలేవి.

గాలివాన వచ్చిన మధ్యాహ్నం అతను మైకు దగ్గరే ఉన్నాడు. ఏ బస్సూ కదలదని, అందరూ లోపలే ఉండాలని చెప్పిందే చెబుతూ కూర్చున్నాడు. వాన తెరిపిచ్చాక మోకాలిలోతు నీళ్ళలో ఇంటికి వచ్చేసరికి పెరట్లో వింతగా వెలుతురుంది. ఎప్పుడూ కనబడని వెనకవీధి మేడలన్నీ కనబడుతున్నాయి. బాదం చెట్టు నేలమీద ఉంది.

అక్క కిటికీ ఊచలు పట్టుకుని కూర్చునుంది.

"పడలేదురా," అంది, అతన్ని చూడకుండా. "కూర్చుంది. పెద్ద మనిషి నడుం పట్టేస్తే ఎలా కూర్చుంటారు, అలా మెల్లిగా. నేను చూస్తూనే ఉన్నాను. చప్పుడు కూడా లేదు. నాకు వినబడలేదో ఏమిటో."

అతను పడిపోయిన కొమ్మల్లోకి దూరి, చీకటిపడేలోగా దొరికిన మొక్కనల్లా విప్పి తెచ్చాడు. పందిరి నుజ్జయింది. కొన్ని మొక్కలు కొమ్మలకింద నలిగిపోయాయి. మిగిలినవాటిని బట్టలుతికే తొట్లలో, మిషను మీద, కిటికీ ఊచలకి, తలుపు గడియకి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టాడు. ఇల్లంతా అడివి అయింది.

కానీ ఆ ఇంట్లో గాలి ఆడదు. నాలుగు రోజులు గడిచేసరికి ఆకులు మెత్తబడ్డాయి. పెరట్లో పెడదామంటే నీడ లేదు, వాన వెలిసిన తర్వాతి ఎండకి ఒక్క పూటలోనే రెండు మొక్కల ఆకులు తెల్లగా కాలిపోయాయి. అక్కకి జ్వరం వచ్చింది. జ్వరంలో చెట్టుతో మాట్లాడేది. అతను ఆవిడ నుదుటిమీద తడిగుడ్డ వేసి, తలుపు గడియకి వేలాడుతున్న పెద్దకోడల్ని చూస్తూ కూర్చున్నాడు. దాని చివరి ఆకు పసుపుపచ్చగా తిరుగుతోంది. అడగాలి, ఎవరినైనా అడగాలి అనుకున్నాడు. సబ్బు అడగడానికే ఓ పక్కన నిలబడే మనిషి.

అయినా పెద్దకోడల్ని పట్టుకుని బయల్దేరాడు. వీధి మొదట్లో మంగలి షాపుంది. దాని ముందు రేకుల చూరు, చూరుకింద నీడ, ఎప్పుడూ గాలి. లోపలికి వెళ్ళి నిలబడ్డాడు. ఇద్దరు కూర్చునున్నారు. వాళ్ళ పని అయ్యేదాకా ఆగాడు. తర్వాత నోరు తెరవబోయేసరికి మంగలి అతని భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ చుట్టేశాడు. జుట్టు మొత్తం కత్తిరించడం కూడా అయిపోయింది. ఒళ్ళో మొక్క అలాగే ఉంది.

ఇక లాభం లేదని అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మైకు ముందున్నాననుకున్నాడు.

"దయచేసి వినండి. ఈ మొక్క చెట్టు పడిపోయినందువల్ల ఇల్లు లేకుండా ఉంది. మీ షాపు చూరుకింద కొంతకాలం ఉంచవలసిందిగా కోరుతున్నాము. నీళ్ళు పోయడానికి రోజూ పొద్దున్నే మేమే వస్తాము."

మంగలి చేతిలో కత్తెర గాల్లోనే ఉంది. తర్వాత పగలబడి నవ్వాడు.

"దీనికోసమా తల ఇచ్చావు? ముందే చెప్తే జుట్టు మిగిలేదిగా!"

చూరుకి మేకు తనే కొట్టాడు.

ఒక్క మేకు పడ్డాక మిగతావి తేలికయ్యాయి. మొండిఘటం బేకరీ వెనకగోడకి వెళ్ళింది. పిలకలమ్మ కూతుళ్ళతో సహా వయొలిన్ మాస్టారి బాల్కనీకి వెళ్ళింది. మిగిలిన మొక్కలు మెట్లపక్కలకీ కిటికీల బయటికీ గేట్ల పైకీ చేరాయి. ప్రతి ఇంటి ముందూ అతను ఒకసారి కళ్ళు మూసుకునేవాడు. తలుపు తీసినవాళ్ళు అతను చెప్పేది పూర్తిగా వినేవాళ్ళు. ఆ గొంతు అడిగితే కాదనడం ఎవరివల్లా కాలేదు.

చివరికి నిద్రమొహం మిగిలింది. దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. కానీ దాని మొదలు దగ్గర కూడా ఆకు మెత్తబడింది.

వీధి చివర కొత్తగా ఫోటో స్టూడియో పెట్టారు. నడిపేది ఒకావిడ, అతని ఈడుదే, ఒక్కతే ఉంటుంది. పక్కసందులోంచి వెళితే వెనక చిన్న ఖాళీ స్థలం, అందులో స్టూడియోలో ఫోటోల వెనక కట్టే బొమ్మల తెరల్ని ఎండకి ఆరేసింది. అతను సందు మలుపు తిరగ్గానే ఎదురుగా సముద్రం కనబడింది. దాని పక్కన ఎక్కడికీ వెళ్ళని పాలరాతి మెట్లు. ఇంకో తాడుమీద మబ్బులు, ఉత్త మబ్బులు, గాలికి కదులుతున్నాయి. మబ్బుల వెనకనుంచి ఆవిడ బయటికి వచ్చింది, చేతిలో రంగు బ్రష్షుతో.

అతను కళ్ళు మూసుకోవడం మరిచిపోయాడు. మామూలు గొంతుతోనే, తడబడుతూ, చెట్టు సంగతి చెప్పాడు. ఆవిడ మొక్క వైపు చూడలేదు. అతన్నే చూస్తోంది.

"బస్టాండు!" అంది ఉన్నట్టుండి. "మీరే కదూ? నేనీ ఊళ్ళో దిగినరోజు, ఇది కాదు నేను వెళ్ళాల్సిన ఊరు. ఇక్కడ బస్సు మారాలి. మీరు చెబుతుంటే వింటూ కూర్చున్నాను, నా బస్సు పేరు కూడా చెప్పారు, అదీ విన్నాను. లేవలేదు. అది వెళ్ళిపోయింది."

"మళ్ళీ ఇంకోటి ఉంటుందండీ, గంటకోటి," అన్నాడు అతను కంగారుగా.

"తెలుసు. అదీ వెళ్ళిపోయింది." ఆవిడ నవ్వింది. "మీరు బాగా పొడుగనుకున్నాను."

అతను తనని తాను కిందికోసారి చూసుకున్నాడు. "కూర్చుని చెప్తానండీ," అన్నాడు.

నిద్రమొహాన్ని రెండు తెరల మధ్య కమ్మీకి వేలాడదీశారు. తెరల్లోంచి వడగట్టినట్టు ఎండ దానిమీద పడింది.

అక్కకి జ్వరం తగ్గి లేచి చూస్తే ఇంట్లో ఒక్క మొక్క లేదు. తమ్ముడు చెప్పిందంతా విన్నది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"పిల్లి పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు తిప్పావా? పిల్లి అయినా నోట కరుచుకుని తనే తిప్పుతుంది, ఎవడికీ ఇచ్చి రాదు. నిద్రమొహాన్ని కూడా ఇచ్చావా?"

"చచ్చిపోతుందక్కా."

"నన్ను అడగకుండా!"

తర్వాత అతనితో మాట్లాడటం మానేసింది. మిషను మంచం పక్కకి జరిపించుకుని, ఆడే కాలుతో తొక్కుతూ, మాటకి బదులు దాన్ని మోగించేది. అతను బయల్దేరుతుంటే ఒక మోత, తిరిగొస్తే ఒక మోత. అతను మాత్రం మానలేదు. తెల్లారగానే నీళ్ళడబ్బా పట్టుకుని వీధి మొదటినుంచి చివరిదాకా నడిచేవాడు. ముందు తలుపులన్నీ మూసి ఉండేవి. రోజులు గడిచేకొద్దీ ఒక్కో తలుపు తెరుచుకునేది. ఆకుమీద మచ్చేమిటని ఒకరు, మా మొక్కకి కొత్త వేరు వచ్చింది చూశావా అని ఇంకొకరు. అతను జవాబులు చెప్పడం నేర్చుకున్నాడు. వీధి చివరికి చేరేసరికి పొగమంచు పలచబడి, తాళ్ళమీద మబ్బులు కదులుతుండేవి. అక్కడ అతని డబ్బాలో నీళ్ళు ఎప్పుడూ ఆలస్యంగా అయిపోయేవి. కొన్నిసార్లు ఆవిడ తెరమీది సముద్రంలో అల అంచు దిద్దుతుంటే అతను చూసేవాడు, అతను నీళ్ళు పోస్తుంటే ఆవిడ చూసేది.

అక్క కాలికట్టు విప్పారు. చేతికర్ర పట్టుకుని నడవచ్చన్నారు. మొదటిరోజే, తమ్ముడు డ్యూటీకి బయల్దేరబోతుంటే, ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పద. నా పిల్లల్ని ఎలా చంపుతున్నారో చూస్తాను."

అతను ఆ పూట సెలవు పెట్టాడు.

మంగలి షాపు దగ్గర చూరుకేసి తలెత్తింది. పెద్దకోడలు రెండు కొత్త ఆకులేసింది. మంగలి జుట్టు తడిపే సీసా తెచ్చి, గిరాకీ తలమీద ఓసారి, మొక్క వేళ్ళమీద ఓసారి కొట్టి చూపించాడు. "అలా కాదు," అనబోయి అక్క ఆగింది. వేళ్ళు చేత్తో తాకి చూసింది. గట్టిగా, నిండుగా ఉన్నాయి. "మొవ్వులో పడనీకు," అని మాత్రం అంది. బేకరీ గోడ వెచ్చగా ఉందని, మొండిఘటం ఎండిపోతుందని నాలుగు తిట్టింది. తిడుతుండగానే దాని వెనక బుడిపెల్లాంటి మొగ్గలు కనబడ్డాయి. వయొలిన్ మాస్టారి బాల్కనీ కింద నిలబడి పిలకలమ్మ పిల్లల్ని లెక్కపెట్టుకుంది. వీధి పొడుగునా గళ్ళ చొక్కాలూ పూల పరికిణీలూ గోడలకి కట్టి కనబడుతున్నాయి. ఆవిడ చేతికర్ర చప్పుడు నెమ్మదించింది.

సందు మలుపు తిరగ్గానే ఆగిపోయింది.

మబ్బుల తెర ముందు నిద్రమొహం పూసింది. పొడుగాటి కాడ వంగి, దానినిండా లేతపసుపు పూలు, ఒక్కో పూవు నడిమధ్య తేనెరంగు మరక. వెనక మబ్బులు కదులుతుంటే అవి తేలుతున్నట్టున్నాయి. ఫోటో ఆవిడ గబగబా కుర్చీ తెచ్చి వేసింది. అక్క కూర్చుంది.

"మొన్న విచ్చుకుందండీ," అంది ఆవిడ మెల్లిగా. "మీకు చెప్పొద్దన్నాను. మీరే వచ్చి చూడాలని."

అక్క మొక్కనే చూస్తోంది. ఆకులు మునుపటంత నల్లగా లేవు, లేతరంగుకి తిరిగాయి.

"ఎండ," అంది చివరికి. "వెలుతురు కావలసింది దీనికి. నేనేమో వాడిపోతుందని తీసుకెళ్ళి చెట్టుకింద చీకట్లో పెట్టాను. ముద్దుచేసి ముద్దుచేసి ఇన్నేళ్ళూ నిద్రపుచ్చాను."

కళ్ళు తుడుచుకుంది. తర్వాత తమ్ముడికేసి చూసింది. అతను కమ్మీ పక్కన, సముద్రానికీ మెట్లకీ మధ్య నిలబడి, ఆ ఇల్లు తనకి ఎప్పట్నుంచో తెలిసినట్టు, చూడకుండానే చెయ్యి చాచి చిలక్కొయ్యనుంచి తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకుంటున్నాడు. అక్క కళ్ళు ఆ తువ్వాలుమీద ఆగాయి.

"వీడు పొద్దున్నే ఏమీ తాగకుండా బయల్దేరతాడమ్మాయ్," అంది ఫోటో ఆవిడతో. "ఎప్పుడైనా ఇన్ని టీ నీళ్ళు పోశావా లేదా?"

"రోజూ తాగుతారండీ."

"రోజూనా! మరి ఇంటికొచ్చి మళ్ళీ నా దగ్గర తాగుతున్నావేంట్రా?"

అతను తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. అక్క నవ్వింది. విరిగిన కాలు నొప్పి పుట్టేదాకా నవ్వింది.

మొక్కల్ని వెనక్కి తేవడానికి కొత్త పందిరి వేస్తానని అతనన్నాడు. వేశాడు కూడా. అక్క అందులో కొన్నిటినే తెచ్చుకుంది. మంగలి పెద్దకోడల్ని ఇవ్వనని మొండికేస్తే, "ఉంచుకో, ఆడపడుచు కట్నం మాత్రం ఇవ్వాలి" అని ఏటా ఒక పూలకాడ రాయించుకుంది. నిద్రమొహాన్ని కదపొద్దంది. దాంతోపాటు తమ్ముణ్ణి కూడా అక్కడికే పంపుతానంది. ఎండాకాలం రాకముందే ఇద్దరికీ పెళ్ళి జరిగింది. పెళ్ళిబట్టలు కుట్టింది అక్కే. అతని చొక్కా భుజాలు కొలుస్తూ, "వెడల్పయ్యావురా" అంది ఆశ్చర్యంగా. సాయంకాలాలు చేతికర్రతో వీధంతా ఒక చుట్టు చుట్టి, ఎవరి మొక్క ఎలా ఉందో చూసి, తిట్టవలసినవాళ్ళని తిట్టి, వాళ్ళిచ్చిన కుర్చీల్లో కూర్చుని పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పి వచ్చేది. కుట్టుపనికి ఆలస్యమవుతోందని గిరాకీలు గోల పెట్టినా వినేది కాదు.

అతను మాత్రం ఇప్పటికీ తెల్లారకుండానే లేస్తాడు. స్టూడియో వెనక స్థలంలో తెరలు నిశ్చలంగా ఉంటాయి, మంచులో సముద్రం ఏదో మబ్బులు ఏవో తెలియదు. డబ్బా వంచుతాడు. వెండివేళ్ళు ఒక్కొక్కటే పచ్చగా తిరుగుతాయి. ఆకులనుంచి చుక్కలు తెరమీద, తెరమీంచి నేలమీద పడుతుంటాయి.

లోపల్నుంచి నిద్రగొంతు వినబడుతుంది. "వాన పడుతోందా?"

"కాదు," అంటాడతను. "నేనే. పడుకో."